రెండు కొసల నుంచి రాసిన పుస్తకం

కిందటి అక్టోబరులో, ఇక్కడ ఇంగ్లండులోనే, స్విండన్ నుంచి ప్రసాద్ అనే ఆయన ఫోన్ చేశాడు. మా గుంటూరు వైపు మనిషే, ఐటీలో ఉద్యోగం.

"ఆంటీ, మా అమ్మాయి సాహితి హిస్టరీ డిగ్రీ అయిపోవచ్చింది. ఇప్పుడు పాత పుస్తకాలు బాగుచేసే కోర్సు చేస్తానంటోంది. మీరు అదే పని చేశారటగా. కాస్త చెప్పండి."

"ఏం చెప్పమంటావు? చెయ్యమనా, వద్దనా?"

"వద్దనే. కానీ నేను చెప్పమన్నట్టు ఉండకూడదు."

తర్వాత ఆ అమ్మాయి ఫోన్ తీసుకుంది. నేను తెలుగులో అడిగితే తను ఇంగ్లీషులో చెప్పింది. ఇద్దరికీ ఇబ్బంది లేదు. ఆ పని బోరు కొడుతుందా అని అడిగింది. నాలుగు రోజులు కొడుతుంది, ఐదో రోజు కొట్టదు అన్నాను. అయితే ఆ ఐదో రోజు గురించి రాసి పంపండి ఆంటీ, నాన్న చదివి వినిపిస్తారు అంది. అందుకే తెలుగులో రాస్తున్నాను. చదివి వినిపించేవాడి చెవిన కూడా పడుతుంది కదా.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చింది ఒక్కటే. జీతం సంగతి ప్రసాద్ విడిగా అడిగాడు, విడిగానే చెప్పాను.

పని ఏమిటంటే

1984 నుంచి 2016 మార్చి దాకా, ముప్ఫై రెండేళ్ళు, నాటింగ్‌హామ్‌కి బస్సు దూరంలో ఉన్న ఒక కౌంటీ రికార్డు ఆఫీసులో కాగితాలు బాగుచేశాను. కౌంటీకి సంబంధించిన పాత దస్తావేజులు, చర్చి రిజిస్టర్లు, ఇళ్ళలోంచి వచ్చిన పాత పుస్తకాలు అన్నీ అక్కడ దాస్తారు. చిరిగినవీ, తడిసినవీ, ఎలుకలు కొరికినవీ నా బల్ల మీదికి వచ్చేవి.

వాటిలో నాకు ఇష్టమైనవి ఆడవాళ్ళు చేత్తో రాసుకున్న పుస్తకాలు. రెండు మూడు వందల ఏళ్ళ కిందటివి. రాసినవాళ్ళెవరూ రచయిత్రులు కారు. రైతుల భార్యలు, పాదిరీల కూతుళ్ళు, దుకాణం నడుపుకున్న వితంతువులు. కొన్ని డైరీలు. అంటే మనసులో మాటలు పేజీలకొద్దీ ఉంటాయనుకోకండి. "వాన. కోళ్ళు గుడ్లు పెట్టలేదు. మేరీ వచ్చి వెళ్ళింది." ఇంతే. కొన్ని కామన్‌ప్లేస్ పుస్తకాలు. ఎక్కడైనా చదివి నచ్చిన వాక్యం, ఆదివారం విన్న ప్రసంగంలో ఒక ముక్క, పొరుగావిడ చెప్పిన దగ్గు మందు, పళ్ళ జామ్ పెట్టే పద్ధతి, అన్నీ ఎత్తి రాసుకునేవాళ్ళు. తల్లి రాసిన పుస్తకంలో కూతురు, ఆ తర్వాత మనవరాలు కొనసాగించేవాళ్ళు.

కాగితం ఖరీదు. అందుకని ఒకే పుస్తకాన్ని రెండు కొసల నుంచీ వాడేవాళ్ళు. ఇటు నుంచి వంటలు రాసి, పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి, అటు చివర నుంచి డైరీ మొదలుపెట్టేవాళ్ళు. రెండు రాతలూ ఎదురెదురుగా నడిచి వచ్చి మధ్యలో ఎక్కడో కలుసుకుంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

ఇంకొకటి. మేం తెల్ల గ్లోవ్స్ వేసుకుంటామని అందరూ అనుకుంటారు. కాగితానికి గ్లోవ్స్ వేసుకోం. గుడ్డలోంచి కాగితం అంచు వేలికి తెలియదు, చింపేస్తాం. చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుంటే చాలు. టీవీ వాళ్ళు వచ్చిన రోజు మాత్రం గ్లోవ్స్ ఉన్నాయా అని అడిగేవాళ్ళు. లేవనేదాన్ని.

లై

మా నాన్నకి గుంటూరులో కోర్టు దగ్గర బైండింగ్ షాపు ఉండేది. స్కూలు రిజిస్టర్లు, ప్లీడర్ల పుస్తకాలు, చర్చి పాటల పుస్తకాలు బైండు చేసేవాడు. బడి నుంచి వచ్చాక నేను పుస్తకాలు అతికే లై కాచేదాన్ని. మైదాపిండి నీళ్ళలో కలిపి, ఉండ కట్టకుండా తిప్పుతూ, దించే ముందు చిటికెడు మైలుతుత్తం పొడి వెయ్యాలి. అది వేస్తే పురుగు పట్టదు. లై లేత నీలంగా తేలేది. నాకు అది అందంగా ఉండేది.

నాన్న దగ్గర నేర్చుకున్నది ఇంకొకటుంది. చిన్నప్పుడు పడవ చేసుకోవడానికి నోటుబుక్కు మొదట్లో ఒక కాగితం చింపాను. మర్నాడు చివర్లో ఉన్న లెక్కల పేజీ ఊడి టీచరు కాళ్ళ దగ్గర పడింది. సాయంత్రం నాన్న పిలిచి కుట్టు విప్పి చూపించాడు. "ముందు కాగితం, వెనక కాగితం రెండు కావే. ఒకటే కాగితం, మధ్యకి మడిచారు. ఒకదాన్ని పీకితే రెండోది ఎక్కడుంటుంది?" అన్నాడు. కొట్టలేదు. మళ్ళీ కుట్టిచ్చాడు.

ఇంగ్లండులో నాకు ఉద్యోగమిచ్చిన జోన్ ఆ ఆఫీసులో కాగితాల గది చూసుకునేది. అప్పటికి నాకు ఈ దేశం చదువు లేదు. లై కాచడం వచ్చా అని అడిగింది. వచ్చన్నాను. ఇక్కడ కూడా గోధుమ పిండితోనే కాస్తారని తెలిసి ప్రాణం లేచొచ్చింది. మొదటి సోమవారం నేను కాచిన గిన్నెలోకి జోన్ తొంగి చూసింది.

"రత్నా, ఈ నీలం ఏమిటి?"

"మైలుతుత్తం. ఊరి నుంచి తెచ్చుకున్నాను. పురుగు రాదు."

గిన్నె తీసుకెళ్ళి ఒంపేసి, కడిగి, బోర్లించి వచ్చి కూర్చుంది. "మీ నాన్న కట్టిన పుస్తకాలు ఎన్నాళ్ళు ఉండాలి?"

"రిజిస్టర్లయితే పదేళ్ళు."

"మీ ఊరి పురుగుల్లో పదేళ్ళు నిలవాలంటే ఆయన చేసిందే సరి. ఇక్కడ పురుగులు తక్కువ. మనకి మూడువందల ఏళ్ళు కావాలి. అందులో ఉన్నది రాగి. అది మెల్లగా కాగితాన్ని తినేస్తుంది."

నన్ను దిద్దింది, మా నాన్నని తక్కువ చెయ్యలేదు. బాస్ అంటే ఎలా ఉండాలో నాకు ఆ సోమవారమే తెలిసింది. తర్వాత నా కింద పనిచేసినవాళ్ళని దిద్దాల్సి వచ్చినప్పుడల్లా ఆ బోర్లించిన గిన్నె గుర్తు తెచ్చుకునేదాన్ని. ప్రతిసారీ ఆవిడలా చెయ్యగలిగానని చెప్పను.

జోన్ పెట్టిన నియమాలు రెండే. మనం చేసింది రేపు ఇంకొకరు విప్పుకోగలగాలి. మనం తీసేసింది పారెయ్యకూడదు. గుండుసూది తీసినా, కుళ్ళిన దారం తీసినా, ఒక కవరులో వేసి, తారీఖు రాసి, పుస్తకంతో పాటే ఉంచాలి. ఒకసారి నేను ఒక వంటల పుస్తకంలో పుడ్డింగు పేజీ మీద వెన్న మరక శుభ్రం చెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "మిగతావన్నీ ఆవిడ రాసింది మాత్రమే. ఇది వండింది. అది చెప్పేది ఈ మరకే," అంది.

కోసి ఇవ్వండి

2006 ఫిబ్రవరిలో అక్కచెల్లెళ్ళిద్దరు వచ్చారు. అప్పటికి జోన్ రిటైరయింది. మార్టిన్ అనే అతను మా పెద్ద. అక్క డొరతీకి డెబ్భై ఒకటి, చెల్లెలు ఎల్సీకి అరవై ఎనిమిది. మూడు కుర్చీలు వేస్తే మధ్య కుర్చీ వదిలేసి కూర్చున్నారు. తెచ్చిన పుస్తకం ఆ ఖాళీ కుర్చీలో పెట్టారు.

హానా అనే రైతు భార్య రెండువందల ఏళ్ళ కిందట రాసుకున్న పుస్తకం. వాళ్ళ తల్లివైపు ఐదు తరాలుగా వస్తోంది. కొనుక్కున్నది కాదు. పెద్ద కాగితాలు మధ్యకి మడిచి, ఒకదానిలో ఒకటి దోపి, మడత మీద మూడు బొక్కలు పొడిచి, నారదారంతో తనే కుట్టుకుంది. ముందు నుంచి వంటలు, మందులు. తిప్పితే అటు నుంచి డైరీ. తల్లి చనిపోతూ దాన్ని "నా కూతుళ్ళిద్దరికీ" అని రాసి పోయింది. దహనం రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకున్నా లాయరు ద్వారానే.

"డైరీ నాకు, వంటలు ఆవిడకి. మధ్యకి కోసి రెండు పుస్తకాలు చేసి ఇవ్వండి," అంది డొరతీ.

"పదకొండేళ్ళు అమ్మని చూసుకున్నది తనేనట. అందుకని డైరీ తనదేనట," ఎల్సీ నాతో చెప్పింది, అక్క వినేలా. "నేను మాంచెస్టర్‌లో ఉన్నాను, అది నా తప్పు. కానీ అమ్మ దగ్గర వంట నేర్చుకున్నది నేను. ఈవిడ గుడ్డు ఉడకేసినా మాడిపోయేది."

"నీళ్ళలో గుడ్డు మాడదని చెప్పండి ఆవిడకి."

"తన చేతిలో మాడిందని చెప్పండి."

ఇద్దరికీ కలిపి ఒక పుస్తకంగా ఉంచుకోకూడదా, ఇక్కడే భద్రంగా పెట్టుకోవచ్చు కదా అన్నాను. డొరతీ లేచి నిలబడింది. "మీరు చెయ్యకపోతే ఇంట్లో కార్పెట్లు కోసే కత్తి ఉంది," అంది. ఆవిడ ఊరికే అనే మనిషి కాదని చూస్తే తెలుస్తోంది.

వాళ్ళు వెళ్ళాక మార్టిన్ అన్నాడు, "పుస్తకం వాళ్ళది. మనం కాదంటే ఇంటికెళ్ళి వంకరగా కోస్తారు. నువ్వు కోస్తే కనీసం తిన్నగా ఉంటుంది."

అతని మీద కోపం వచ్చింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సింది ఇది. మన చేతిలో ఉన్నంత మాత్రాన ఏదీ మనది కాదు. సొంతదారుకి పాడుచేసుకునే హక్కు కూడా ఉంటుంది. మార్టిన్ మాటలో కఠినత్వం లేదు, నిజం ఉంది.

నాలుగు రోజులు ఆ పుస్తకాన్ని చూస్తూ కూర్చున్నాను. ఐదో రోజు ఇద్దరికీ ఫోన్ చేసి ఒకే మాట చెప్పాను. కొయ్యాలంటే ముందు కుట్టు విప్పాలి, దారం ఎలాగూ ఒకచోట కుళ్ళింది. ఆ విప్పడం మాత్రం మీ ఇద్దరి ముందే చేస్తాను. రెండు మాటలూ నిజమే. నా ఆశ ఏమిటో మాత్రం చెప్పలేదు.

ఇరవై ఎనిమిది కాగితాలు

ముందుగా కుట్టుకి ఫొటోలు తీశాను. ముడి ఎటు తిరిగిందో బొమ్మ గీసుకున్నాను. మార్చి మొదటి గురువారం ఇద్దరూ వచ్చి పెద్ద బల్లకి చెరోవైపు నిలబడ్డారు. ముడి విప్పి, మూడు బొక్కల్లోంచి దారం లాగి, కవరులో వేసి తారీఖు రాశాను. పై కాగితం తీసి మడత విప్పి బల్ల మీద పరిచాను.

కుడి సగంలో డామ్సన్ పళ్ళ జామ్. ఎడమ సగంలో, తలకిందులుగా, డైరీ మొదటి పేజీ.

రెండో కాగితం పరిచాను. ఒక సగంలో ఆవు పొదుగుకి రాసే మందు, రెండో సగంలో చర్చికి వెళ్ళిన ఆదివారం. మూడోది. నాలుగోది. మొత్తం ఇరవై ఎనిమిది కాగితాలు బల్ల నిండా పరిచాక అన్నాను, "కత్తి పెట్టాల్సింది ఈ మడతల మీద. ఇరవై ఎనిమిది సార్లు."

"మధ్యలో ఒక్క కోత అనుకున్నాం," అంది ఎల్సీ.

"ఇందులో అలాంటి మధ్య లేదు. ప్రతి కాగితంలోనూ సగం మీది, సగం ఆవిడది."

ఇక మూటగట్టి ఇక్కడే ఉంచెయ్యమంటారని లోపల్లోపల సంతోషించాను. అదేమీ జరగలేదు. ఎల్సీ బల్ల చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగి, మొదటి కాగితం మీద వేలు పెట్టి అక్కవైపు చూసింది. నెలల తర్వాత నేరుగా మాట్లాడటం అదే.

"ఒకటి నీకు. ఒకటి నాకు. అమ్మ టాఫీలు పంచినట్టు."

డొరతీ ఆలోచించింది. "అప్పుడు నీ జామ్ సగమే ఉంటుంది. పంచదార ఎంతో నా దగ్గరుంటుంది."

"నీ డైరీలో సోమవారం నీ దగ్గర, మంగళవారం నా దగ్గర. ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను."

"నేనూ చెయ్యను."

అలా పంచుకున్నారు. పద్నాలుగు, పద్నాలుగు. అన్నిటికన్నా లోపలి కాగితం, రాతలు రెండూ అక్కడిదాకా రాకుండా ఆగిపోయిన తెల్ల కాగితం, ఎల్సీ వంతుకి వచ్చింది. "ఖాళీది నాకు," అంది. "చదవడం తప్పింది కదా," అంది డొరతీ.

ఆ సాయంత్రం, కోత కన్నా ఇది మేలా, కీడా అని లెక్క వేసుకున్నాను. ఇప్పుడు ఎవరి దగ్గరా చదవగలిగే పుస్తకం లేదు. కానీ ఒక్క పోగు తెగలేదు. బొక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దారం కవరులో ఉంది. జోన్ మొదటి నియమం ప్రకారం చూస్తే మేం చేసింది రేపు ఎవరైనా విప్పుకోవచ్చు. మార్టిన్‌ది కూడా అదే మాట. బూడిదరంగు అట్టతో ఒకే కొలతలో రెండు డబ్బాలు చేశాను. ఎవరి పేరు వాళ్ళు పెన్సిలుతో రాసుకున్నారు. డొరతీవి పెద్ద పెద్ద అక్షరాలు.

పదిహేడు సార్లు

అదే ఏడు సెప్టెంబరులో ఎల్సీ ఫోన్ చేసింది. "డక్, మీ రీడింగ్ రూములో ఒక బల్ల దొరుకుతుందా? నా పక్కన ఆవిడకి కూడా కుర్చీ కావాలి." ఇటువైపు పెద్దవాళ్ళు ఎవరినైనా డక్ అంటారు, మనం అమ్మా అన్నట్టు. ప్లమ్ కేకు పొయ్యిలో పెట్టేదాకా తన దగ్గరుందట. ఎంతసేపు కాలాలో అక్క డబ్బాలో ఉందట. డొరతీ ఎలా ఒప్పుకుందని అడిగాను. "ఆవిడకి హానా చెల్లెలి పెళ్ళిలో ఏమయిందో తెలియాలి. మంగళవారం నా దగ్గర కదా," అంది.

మొదటిసారి మళ్ళీ నన్నే మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నారు. "ఆవిడని ఐదోది తియ్యమనండి." "తీశానని చెప్పండి." రెండు డబ్బాల్లో కాగితాలు వరసగా పరుచుకుంటే ఆ రెండు గంటలూ పుస్తకం పూర్తిగా ఉండేది. లేచేటప్పుడు మళ్ళీ ఎవరివి వాళ్ళు ఎత్తుకునేవాళ్ళు. మూడోసారికి నా అవసరం లేకపోయింది. ఐదోసారి, గట్టిగా చదువుకుంటున్నారని పక్క బల్ల మీద పూర్వీకుల పేర్లు వెతుక్కుంటున్నాయన ఫిర్యాదు చేశాడు. నేనే వెళ్ళి నెమ్మదిగా చదువుకోండని చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకేసారి నన్ను చూసి, ఒకేసారి నోరు మూసుకున్నారు. ఆ ముఖాలు చూశాకే వాళ్ళు అక్కచెల్లెళ్ళని నాకు నమ్మకం కలిగింది.

ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, ఆకులు రాలేటప్పుడు ఒకసారి. 2015 వసంతం దాకా పద్దెనిమిది సార్లు రావాల్సింది, పదిహేడు సార్లు వచ్చారు. ఎల్సీకి తుంటి ఆపరేషన్ అయినప్పుడు ఒకటి తప్పింది. ఆసారి డొరతీ ఒక్కతే ఫోన్ చేసి బల్ల వద్దని చెప్పింది. తన డబ్బాతో బస్సులో మాంచెస్టర్ వెళ్తున్నానని, దారిలో వాన పడితే కాగితాలకి ఏమైనా అవుతుందా అని అడిగింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టుకోమన్నాను.

సాహితీ, నువ్వు అడిగిన ఐదో రోజు ఇదే. కోర్సులో ఏ పుస్తకం ఏ లైతో అతకాలో బాగా నేర్పుతారు. నేర్చుకో. ప్రసాదూ, నువ్వు వద్దనమన్నావు. నేను అనలేను. మా నాన్నా, జోన్, కోపం తెప్పించిన మార్టిన్, వీళ్ళందరి చేతుల మీదుగా నాకు అందిన పని ఇది. దానికి రుణపడి ఉన్నాను. ఇంకొకరికి వద్దని ఏ నోటితో చెప్పను?

2015 ఆగస్టులో డొరతీ పోయింది. నేను రిటైరయ్యే ముందు నెలలో, 2016 ఫిబ్రవరిలో, ఎల్సీ రెండు డబ్బాలూ పట్టుకుని వచ్చింది. అక్క తన కాగితాలు చెల్లెలి పేరనే రాసి పోయింది.

"కుట్టేస్తావా డక్?"

కవరు తీసి పాత దారం చూపించాను. పదేళ్ళుగా అది పుస్తకం రాక కోసం అలమరలో ఉంది. అది బలం తట్టుకోదు, కొత్త నారదారం వాడతాను, పాతది ఇలాగే పుస్తకంతో ఉంటుంది అని చెప్పాను. సరేనంది. కాగితాలు వరస పెట్టి తనే అందించింది. "ఖాళీది మధ్యలోనే పెట్టు," అంది. హానా పొడిచిన మూడు బొక్కల్లోంచే సూది పోనిచ్చాను. కొత్త బొక్క ఒక్కటి కూడా పొడవలేదు. నేను గీసుకున్న బొమ్మ చూసి ముడి అటే తిప్పాను.

పుస్తకం చేతికిచ్చాను. రెండు పేజీలు వరసగా, ఆగకుండా, పైకే చదివింది. మూడో పేజీ తిప్పబోయి, అలవాటు చొప్పున పక్క కుర్చీవైపు చూసింది. తర్వాత మూసేసి నా వైపు జరిపింది.

"ఇది ఇక్కడే ఉంచు. ఎవరికి కావాలంటే వాళ్ళు చదువుకోనియ్యి." చేతికర్ర అందుకుంది. "ఆ డబ్బా నాకివ్వగలవా?"

ఏ డబ్బా అని అడగలేదు. డొరతీ పెద్ద అక్షరాలతో పేరు రాసుకున్న డబ్బా. లోపల ఏమీ లేదు. తడిలేని బ్రష్‌తో దుమ్ము దులిపి, మూత పెట్టి, పట్టీ కట్టి ఇచ్చాను. పెన్సిలు రాత చెరగకుండా పైన పల్చటి కాగితం చుట్టాను.

కిటికీలోంచి బస్‌స్టాప్ కనిపిస్తుంది. చేతికర్ర మోచేతికి తగిలించుకుని, ఆ డబ్బాని రెండు చేతులతో, నిండుగా ఉన్నదాన్ని పట్టుకున్నట్టే పట్టుకుని, బస్సు ఎక్కింది.